పరుగులో పడిశము

ముక్కున్నంతకాలము పడిశము తప్పదని మన పెద్దల సామెత. పడిశము పది రోగముల పెట్టు అని మరియొక సామెత. మొదటిది ఓర్చుకొమ్మని చెప్పును. రెండవది ఉపేక్షింపవద్దని చెప్పును. ఈ రెండు మాటల నడుమ చిక్కుకొని, ఏమి చేయుటకును తోచక తికమకపడువారు మన గ్రామములలో అనేకులు గలరు. వారిలో వ్యాయామము చేయువారి సంగతి నేడు శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

నంద్యాల జిల్లాలో, నందికొట్కూరు ఆత్మకూరుల నడుమ, పాములపాడు అను గ్రామము గలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా ఏర్పడువరకు ఇది కర్నూలు జిల్లాలోనిది. తూర్పుదిక్కున నల్లమల కొండలు కనుచూపుమేరలో నుండును. కార్తీకము దాటినది మొదలు, తెలతెలవారుచుండగా ఆ ప్రాంతపు దారులలో పోవువారికి ఒక దృశ్యము కనబడును. పదిమంది పదిహేనుమంది యువకులు జట్టుగా పరుగెత్తుచుందురు. వారు వేడుకకొరకు పరుగెత్తువారు కారు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకు దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లు 8 నిమిషములలో పరుగెత్తవలెను. ఎకరమో రెండెకరములో మెట్ట సేద్యమున్న ఇంటిలో ఆ ఉద్యోగమొక్కటి వచ్చినచో, ఆ ఇంటి బ్రతుకే మారును. కావున ఆ 8 నిమిషములకొరకు నెలల తరబడి పాటుపడుదురు.

వైద్యవృత్తిలోనున్న మాయొద్దకు అట్టి యువకుడొకడు తల్లితోకూడ వచ్చినాడు. పరుగు మొదలుపెట్టిన అయిదు నిమిషములకే ముక్కు ధారగా కారుననియు, తోడివారు నవ్వుదురనియు, ఊపిరి తడబడుననియు అతడు చెప్పినాడు. "పొద్దున్నే చలిలో తిరిగి పడిశం పట్టించుకుంటున్నాడయ్యా! నాలుగునాళ్ళు పండుకోరా అంటే వినడు" అని తల్లి మొరపెట్టుకొన్నది. ఆమె మాట విని అతడు రెండుమారులు వారమేసి దినములు పరుగు మానినాడట. మానిన దినములలో ముక్కు కారలేదు. మరల పరుగెత్తగనే కారినది. పరుగువలననే పడిశము వచ్చుచున్నదని ఇంటనందరును నిశ్చయించుకొన్నారు. పరీక్షకు మూడు నెలలే గడువు.

మేము అతనిని పరీక్షించితిమి. జ్వరము లేదు, గొంతునొప్పి లేదు, దగ్గు లేదు. అది పడిశమే కాదు. మరి ఆ నీరు ఎక్కడిది? దీనికి సమాధానము చెప్పవలెనన్న, ముక్కు చేయు పనిని ముందుగా కొంత తెలిసికొనవలెను.

ముక్కు వాసన చూచుటకు మాత్రమే ఏర్పడినది కాదు. లోనికి పోవు గాలిలోని దుమ్మును వడకట్టుట, ఆ గాలిని వెచ్చజేయుట, తడుపుట దాని నిత్యకృత్యములు. ఊపిరితిత్తుల లోపలిపొరలు మిక్కిలి సుకుమారములు. చల్లని పొడిగాలి వానికి సరిపడదు. గాలి అక్కడికి చేరునప్పటికి 37 డిగ్రీల వేడిమి కలిగి, పట్టగలిగినంత తేమను పట్టియుండవలెను. అట్టి ఒక ఘనమీటరు గాలిలో, అనగా 1000 లీటర్ల గాలిలో, సుమారు 44 గ్రాముల నీరు ఆవిరిరూపమున నుండును. మార్గశిర పుష్యమాసములలో వేకువజామున గాలి 15 డిగ్రీలకు చల్లబడినప్పుడు, ఎంత మంచు కురిసినను, ఆ గాలిలో 13 గ్రాములకంటె ఎక్కువ ఆవిరి ఇమడదు. తక్కిన 31 గ్రాములను మన ముక్కు, గొంతు, వాయునాళములు కలిసి సమకూర్చవలెను.

ఊరక కూర్చున్న మనిషి నిమిషమునకు 7 లీటర్ల గాలిని పీల్చునని అనుకొందము. 1000 లీటర్లు పీల్చుటకు అతనికి రెండు గంటలకు పైబడి పట్టును. గట్టిగా పరుగెత్తువాడో, నిమిషమునకు 80 లీటర్లను పీల్చును. అతనికి 12, 13 నిమిషములలోనే 1000 లీటర్లు నిండును. రెండుగంటలలో చేయవలసిన పనిని పావుగంటలో చేయుమని ముక్కును మనము ఆజ్ఞాపించుచున్నామన్నమాట! విడుచు ఊపిరినుండి కొంత తేమను ముక్కు మరల రాబట్టుకొన్నను, పని భారము తగ్గదు.

పాములపాడు మండలమునందే బనకచెర్ల యొద్ద క్రాస్ రెగ్యులేటరు ఉన్నది. పోతిరెడ్డిపాడునుండి వచ్చు శ్రీశైలము కుడి ప్రధాన కాలువ నీరు అక్కడినుండి తెలుగుగంగకును, శ్రీశైలము కుడిగట్టు కాలువకును, నిప్పులవాగు మార్గమున కె.సి. కాలువకును పంచబడుచున్నది. అక్కడ తలుపు ఎంతమేర ఎత్తవలెనో లెక్కగట్టి ఎత్తుదురు. మన ముక్కులోను అట్టి తలుపులు గలవు. వానిని నడుపునవి నరములు. చల్లని పొడిగాలి తగిలినవెంటనే ఆ నరములు, నీరు చాలదేమోయని గ్రంథులను హెచ్చరించును. కొందరి నరములు తగుమాత్రము హెచ్చరించి ఊరకుండును. కొందరివి అవసరమునకు మించి హెచ్చరించును. అప్పుడు పొలమునకు చాలిన పిమ్మట మిగిలిన నీరు గట్టుమీదుగా పొర్లినట్లు, మిగిలిన తడి ముక్కునుండి జారును. దీనికి తోడు, లోనుండి వచ్చు వెచ్చని ఊపిరిలోని ఆవిరి, చల్లబడిన ముక్కుకొనయందు నీటిబొట్టుగా పేరుకొనును. ఇదియే పరుగునాటి ముక్కునీటి రహస్యము. ఇది రోగము కాదు, పనిలో అత్యుత్సాహము.

మంచుకొండలపై జారుడు ఆటలాడు దేశములవారికి ఇది చిరపరిచితము. అక్కడి వైద్యులు దీనికి మంచుజారుడు ఆటగాండ్ర ముక్కు అను అర్థము వచ్చు పేరునే పెట్టినారు. మనకు మంచుకొండలు లేకపోయినను, ఇదే నాటకమును రాయలసీమవారు భోజనమువేళ ప్రతిదినము చూచుచునే యున్నారు. రాగిసంగటిలో ఊరుబిండి నంజుకొన్నప్పుడు ముక్కు కారదా? దానిని పడిశమని ఎవరైన నందురా? మిరపకాయలోని కారము నరములను రేపగా గ్రంథులు నీరు విడుచుచున్నవి. రేపినది అక్కడ కారము, ఇక్కడ చలిగాలి. విడిచినవి ఆ గ్రంథులే.

ఇంకొక విశేషము. వ్యాయామము చేయునప్పుడు ముక్కులోని రక్తనాళములు ముడుచుకొని, దారి వెడల్పగును. అందువలన ముక్కు దిబ్బడవేసినవారికి సయితము నాలుగడుగులు వడిగా నడిచినచో గాలి బాగుగా ఆడును. దిబ్బడ తగ్గుటయు, నీరు కారుటయు ఒకేసారి జరుగుచుండుటచే చాలమంది భ్రమపడుదురు.

అయితే పరుగులో కారు ప్రతి ముక్కును ఈ కోవలోనిదే యని తలపరాదు. రెండవది సరిపడనితనము, అనగా ఎలర్జీ. ముక్కులో దురద, వరుసగా తుమ్ములు, కండ్లు ఎఱ్ఱబడి నీరు కారుట దాని గురుతులు. వరి నూర్చునప్పటి ధూళి, మొక్కజొన్న కల్లములలోని పొట్టు, బాటలపై లేచు దుమ్ము, సర్కారుతుమ్మ పుప్పొడి, వయ్యారిభామ పుప్పొడి దీనికి కారణములు కావచ్చును. ఈ వయ్యారిభామ మన దేశపు మొక్క కాదు. 1950 దశకమున పూనా ప్రాంతమున కనబడి, పిమ్మట దేశమంతట చేలగట్లను ఆక్రమించినది. పరుగెత్తువాడు మామూలుకంటె పదింతల గాలిని పీల్చును గనుక, పదింతల పుప్పొడిని కూడ పీల్చును. ఒక బాటలో పరుగెత్తినపుడు కారి, మరియొక బాటలో కారకున్నను, వాన వెలిసిన పిమ్మట నెమ్మదించినను, కారణము చలి కాక ధూళి యని ఊహింపవచ్చును. అప్పుడు బాట మార్చుటయే మొదటి మందు. ఇంటికి రాగానే ముఖము కడుగుకొని బట్టలు మార్చుట రెండవ మందు.

మూడవది నిజమైన పడిశము. దానితో గొంతునొప్పి, ఒళ్ళునొప్పులు, ఒక్కొక్కప్పుడు జ్వరము ఉండును. దీనికొక సులువైన సూత్రము గలదు. బాధ మెడకు పైననే, అనగా ముక్కు కారుట, తుమ్ములవరకే యున్నచో, మెల్లని నడకో తేలికపాటి పరుగో చేయవచ్చును. జ్వరము, రొమ్ములో దగ్గు, ఒళ్ళునొప్పులు, ఆయాసము ఉన్నచో విశ్రమింపవలెను. ఆ తల్లి చెప్పిన "పండుకోరా" అను మాట ఈ మూడవ తరగతికి చక్కని వైద్యము. ఆమె కుమారుడు మొదటి తరగతివాడగుటయే చిక్కు.

ఇక చేయదగిన వానిని చెప్పుచున్నాము. లేచినది తడవుగా వేగముగా పరుగెత్తరాదు. పది పదిహేను నిమిషములు నడిచి, పిమ్మట మెల్లగా వేగము పెంచవలెను. ముక్కునకును సిద్ధపడుటకు వ్యవధి యీయవలెను. చలి హెచ్చుగా నున్నపుడు పలుచని తువ్వాలును ముక్కునకు నోటికి అడ్డముగా వదులుగా చుట్టుకొన్నచో, విడిచిన ఊపిరిలోని వెచ్చదనము, తేమ దానిలో నిలిచి, పీల్చు గాలికి తోడ్పడును. పరుగు తేలికగా నున్నంతవరకు ముక్కుతో పీల్చుట మేలు. నిమిషమునకు 35, 40 లీటర్లు దాటినపుడు నోరు దానంతట తెరచుకొనును. అది ప్రకృతి చేసిన ఏర్పాటే. ముక్కుతోనే పీల్చవలెనని పట్టుపట్టి ఉక్కిరిబిక్కిరి కానక్కరలేదు.

చీదుటయందును పద్ధతి గలదు. రెండు రంధ్రములను నొక్కిపట్టి బలముగా చీదిన ఒత్తిడి చెవులకు ఎక్కును. ఒక రంధ్రమును వ్రేలితో మూసి, రెండవదానితో మెల్లగా చీదవలెను; పిమ్మట రెండవది. మణికట్టునకు మెత్తని నూలుగుడ్డ యొకటి చుట్టుకొన్నచో పరుగు ఆపకయే తుడుచుకొనవచ్చును. దానిని ప్రతిదినము ఉదికి ఆరవేయవలెను. తోడివారు వెనుక వచ్చుచుండగా బాటమీద చీదుట మర్యాదయు కాదు, ఆరోగ్యమును కాదు. ముక్కు అంచులు ఒరసి మండుచున్నచో కొంచెము వాజెలైను పూయవచ్చును.

ఉప్పునీటితో ముక్కు కడుగుకొనుట చాలమందికి, ముఖ్యముగా ధూళి సరిపడనివారికి, మేలుచేయును. హఠయోగమునందు నేతి షట్కర్మలలో నొకటిగా చెప్పబడినదే. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు, అనగా సుమారు ఒకటిన్నర చిన్నచెంచాడు, కలుపవలెను. కాని ఒక హెచ్చరిక. ఆ నీరు సలసల కాగి చల్లారినదై యుండవలెను. కాలువ నీటిని, బోరు నీటిని, కొళాయి నీటిని కాచకుండ ముక్కులోనికి పోయరాదు. నేగ్లేరియా అను సూక్ష్మజీవి నీటిలో నుండి, ముక్కుద్వారమున మెదడునకు ప్రాకి, ప్రాణములను హరింపగలదు. త్రాగిన నీటిద్వారా అది హాని చేయదు. ముక్కునుండి పోయినదే ప్రమాదము. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున కొళాయినీటితో ముక్కు కడుగుకొన్న ఇద్దరు ఈ విధముగనే మరణించినారు. 2024లో కేరళలో ఈ జాతి వ్యాధి కొందరు పిల్లలను బలిగొన్నది. ఇది మిక్కిలి అరుదు. అయినను నీరు కాచుటకు పట్టు శ్రమ ఎంత?

ఇప్పుడు మా యువకుని కథలోని రెండవ భాగము. మాయొద్దకు వచ్చుటకు పూర్వమే అతడు ఎవరో చెప్పగా ముక్కులో వేసికొను చుక్కలమందు సీసాను కొన్నాడు. వేకువను రెండేసి చుక్కలు వేసికొని పరుగెత్తెడివాడు. మొదటివారము హాయిగా నున్నది. రెండవవారమునకు సాయంకాలము కూడ వేయవలసి వచ్చినది. నెల తిరుగునప్పటికి ఆ చుక్కలు లేనిదే రాత్రి నిద్రపట్టని స్థితి వచ్చినది. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అను ఈ మందులు రక్తనాళములను ముడిచి దిబ్బడను తగ్గించును. కారు నీటిని ఆపుటకు ఉద్దేశించినవి కావు. మూడు నాలుగు దినములకు మించి వాడినచో, మందు బలము తగ్గగనే నాళములు మునుపటికంటె హెచ్చుగా ఉబ్బును. ఆ ఉబ్బునకు మరల అదే మందు వేయుదురు. ఇది అప్పు తీర్చుటకు అప్పు చేయుట వంటిది. లేని దిబ్బడను అతడు డబ్బిచ్చి కొనితెచ్చుకొన్నాడు.

నీటిని తగ్గించుటకు మందు లేకపోలేదు. ఇప్రట్రోపియం అను మందును పిచికారీగా వ్యాయామమునకు ముందు వాడినచో, నరములు గ్రంథులకిచ్చు హెచ్చరిక అణగి, నీరు తగ్గును. ఎలర్జీవారికి స్టెరాయిడు పిచికారీలు పనిచేయును. అవి ఒక్కనాటిలో గుణమీయవు, దినదినము కొన్ని వారములు వాడవలెను. ఇవి వైద్యుని సలహాపై వాడవలసిన మందులు. నిద్ర తెచ్చు పాత పడిశపు మాత్రలను వేసికొని పరుగునకు గాని, ట్రాక్టరు నడుపుటకు గాని పోరాదు. పోటీలలో పాల్గొను క్రీడాకారులు మరియొకటి గమనింపవలెను. కొన్ని పడిశపు మాత్రలలోనుండు సూడోఎఫిడ్రిన్ హద్దుమించి మూత్రమున కనబడినచో, పోటీవేళ అది నిషిద్ధద్రవ్యముగా లెక్కింపబడును. తుమ్ములకు మ్రింగిన మాత్ర పతకమును హరింపగలదు.

కొన్ని లక్షణములను మాత్రము ఎన్నడును ఉపేక్షింపరాదు. పరుగు ఆపిన పిమ్మట దగ్గు, పిల్లికూతలు, రొమ్ము బిగియుట ఉన్నచో అది ఉబ్బసము కావచ్చును. చికిత్స పొందినవారు నిక్షేపముగా పరుగెత్తగలరు. తలకు దెబ్బ తగిలిన పిమ్మట ఒక ముక్కునుండియే తేటనీరు కారుచున్నచో, అది మెదడు చుట్టునుండు ద్రవము కావచ్చును. వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. పసిపిల్లలకు ఒక ముక్కునుండియే దుర్వాసనతో చీమిడి వచ్చుచున్నచో, ఏ శనగగింజయో పూసయో లోన చిక్కియుండును. ఇంటిలో పుల్లలతో కెలుకరాదు. పది దినములు దాటియు చిక్కని చీమిడి, ముఖమున నొప్పి, జ్వరము తగ్గకున్నను వైద్యునికి చూపవలెను.

ఈ మాటలు యువకులకు మాత్రమే కావు. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు ప్రాంతమునుండి వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలనుల మీదుగా నల్లమల అడవిలో కాలినడకను శ్రీశైలమునకు పోవువారు వేలకొలది గలరు. వారిలో వృద్ధులు మెండు. వయసుతోకూడ ముక్కునీరు హెచ్చుట సహజము. చల్లని వేళ కొండ యెక్కుచు ముక్కు కారినంతమాత్రమున జబ్బు చేసినదని బెదరనక్కరలేదు. తువ్వాలు చెంగుతో తుడుచుకొని సాగవచ్చును. కాని ఆయాసము, గుండెలో బరువు, జ్వరము ఉన్నచో ఆగవలెను. అట్లే పాఠశాలలో డ్రిల్లువేళ ముక్కు కారు పిల్లవానిని ఎగతాళి చేయనీయక, చేతిగుడ్డ యిచ్చి ఆడనిచ్చుట ఉపాధ్యాయులకు మా మనవి. చిన్ననాట సిగ్గుపడి మైదానమును విడిచినవాడు మరల అడుగుపెట్టుట కష్టము.

ఆ యువకుని సంగతి శ్రోతలు అడుగవచ్చును. చుక్కలమందును మాన్పించుటకు మూడు వారములు పట్టినది. మొదటి వారము రాత్రులు అతనికి కష్టముగా గడచినవి. తల్లి ప్రతి సాయంకాలము ఉప్పునీరు కాచి చల్లార్చి ఇచ్చినది. పడిశమని పండుకొనుమన్న ఆమెయే, కారణము తెలిసిన పిమ్మట, వేకువను అతనిని లేపి పంపెడిది. పరీక్షకు పది దినములు ముందు అతడు మాకు కబురు పంపినాడు: 1600 మీటర్లు 7 నిమిషముల 20 సెకండ్లలో ముగించితిననియు, మొదటినుండి తుదివరకు ముక్కు కారుచునే యున్నదనియు, తాను దానిని పట్టించుకొనలేదనియు.

మాకు మిక్కిలి సంతోషము కలిగించినది ఆ చివరి మాట. ముక్కున్నంతకాలము పడిశము తప్పదు, నిజమే. కాని ముక్కు కారినప్పుడెల్ల అది పడిశము కాదు. ఈ భేదమును తెలిసికొన్నచో, ఆగవలసిన చోట ఆగుదుము. ఆగనక్కరలేని చోట పరుగు సాగింతుము.